హిమానీనదాల పాత అడుగుజాడలకు తేదీలు కట్టడం: శ్రీకాకుళం నుంచి మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం జిల్లాలో మంచు కురవదు. వంశధార, నాగావళి రెండూ వానతో పారే నదులే. అయినా హిమానీనదాల చరిత్ర ఈ తీరానికి పరాయిది కాదు. సుమారు 26,500 నుంచి 19,000 ఏళ్ల కిందటి మధ్య కాలంలో భూమి మీద మంచు చివరిసారి పతాక స్థాయికి చేరింది. అంత నీరు మంచుగా ధ్రువాల దగ్గర, ఖండాల మీద చిక్కుకుపోవడంతో ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగిపోయింది. అప్పుడు కళింగపట్నం దగ్గర నిలబడి చూస్తే సముద్రం కనిపించేది కాదు. తీరం పదుల కిలోమీటర్లు తూర్పుకు జరిగి ఉండేది, వంశధార అంత దూరమూ నేల మీదే పారి సముద్రంలో కలిసేది. మంచు ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు కరిగింది అన్న ప్రశ్న బారువ, భావనపాడు తీరాల చరిత్రలో కూడా భాగమే.

జియాలజీ, భూగోళశాస్త్రం చదివే డిగ్రీ, పీజీ విద్యార్థుల కోసం, వారికి పాఠం చెప్పే ఉపాధ్యాయుల కోసం ఇది రాస్తున్నాను. హిమాలయాలకు వెళ్లకుండానే ఈ పనిలో సగం శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కూర్చుని చేయవచ్చు. మిగిలిన సగానికి కావలసిన చేతి అభ్యాసం కూడా ఇక్కడి కొండల్లోనే దొరుకుతుంది. అన్ని మెట్లలోనూ ఒక ప్రశ్నను వదలకండి: ఈ తేదీ అసలు ఏ సంఘటనకు సంబంధించినది? యంత్రం ఇచ్చే అంకె రాయిదో ఇసుకదో కొమ్మదో అవుతుంది. మనకు కావలసింది మంచు కదలిక తేదీ. ఆ రెంటినీ కలిపే తర్కం మనమే కట్టాలి.

మొదటి మెట్టు: ప్రశ్నను ఇరుకు చేసుకోండి

'హిమాలయాల్లో వాతావరణ మార్పు' అన్నది ప్రశ్న కాదు. 'ఈ ఒక్క లోయలో, ఊరికి ఎగువన ఉన్న ఈ గట్టును హిమానీనదం ఎప్పుడు వదిలి వెనక్కి వెళ్లింది?' అన్నది ప్రశ్న. ఒక లోయ తీసుకోండి. అప్పటికే పరిశోధన జరిగిన లోయ అయితే మరీ మంచిది. ఉదాహరణకు గంగోత్రి. హిమానీనదం పొడవు దాదాపు 30 కిలోమీటర్లు, దాని ముక్కు అయిన గోముఖం ఎత్తు సుమారు 4,000 మీటర్లు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన జె.బి. ఆడెన్ 1935లోనే ఆ ముక్కు ఎక్కడుందో కొలిచి పటం గీశారు. అందువల్ల గత తొంభై ఏళ్ల కదలికకు నేరుగా కొలిచిన ఆధారం ఉంది. అంతకు ముందు కాలానికి లోయలోని గట్లే ఆధారం. ఒకప్పుడు, 60 వేల ఏళ్లకు పైబడిన కాలంలో, అక్కడి మంచు లోయలో బాగా దిగువన ఉన్న ఝాలా గ్రామం దాకా దిగిందని పరిశోధకులు అంచనా వేశారు. భోజ్‌బాసా దగ్గరి గట్లు మాత్రం గత కొన్ని శతాబ్దాలవే.

రెండో మెట్టు: కంప్యూటర్ మీద గట్లు గీయండి

హిమానీనదం తన కొసన, పక్కల రాళ్లూ మట్టీ కుప్పగా వదిలేస్తుంది. వాటిని మొరైన్లు అంటారు. వంశధార కాలువలో పూడిక తీసి గట్టున పోసిన మట్టిని చూస్తే తవ్వకం ఎంతవరకు సాగిందో తెలుస్తుంది కదా, మొరైన్ కూడా మంచు ఎంతవరకు వచ్చిందో అలాగే చెబుతుంది. లోయకు అడ్డంగా విల్లులా వంగి ఉండేది కొస మొరైన్. లోయ గోడల వెంట పొడవునా సాగేది పక్క మొరైన్.

ఉపగ్రహ చిత్రాలు చూపే గూగుల్ ఎర్త్ ప్రో, పటాలు గీసే క్యూజీఐఎస్ రెండూ ఉచితమే. పది మీటర్ల స్పష్టత గల సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి ఉన్నాయి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి దొరుకుతాయి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే 1960ల నాటి అమెరికా గూఢచర్య ఉపగ్రహం కరోనా తీసిన ఫొటోలున్నాయి, 1995లో వాటిని బయటపెట్టారు. ఎత్తుల కోసం 2000లో అంతరిక్ష నౌక నుంచి కొలిచిన ఎస్ఆర్‌టీఎం పటం 30 మీటర్ల స్పష్టతతో సరిపోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే పటాల వెబ్‌సైట్ భువన్ కూడా చూడండి.

గట్టుగా కనిపించిన ప్రతిదీ మొరైన్ కాదు. ఇక్కడే కొత్తవారు ఎక్కువగా మోసపోతారు. కొండచరియ విరిగిపడినా లోయకు అడ్డంగా రాళ్ల కుప్ప ఏర్పడుతుంది. దాని పైన లోయ గోడలో విరిగిన గాయం కనిపిస్తుందా, కుప్పలోని రాళ్లన్నీ ఒకే రకమా అని చూడండి. మంచు మోసుకొచ్చిన కుప్పలో ఎగువన ఎక్కడెక్కడివో రకరకాల రాళ్లు కలిసి ఉంటాయి, కొన్నిటి మీద గీతలు పడి ఉంటాయి. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే తర్వాత ఎంత ఖరీదైన యంత్రంతో కొలిచినా ఫలితం చెత్తే. పటం మీద ప్రతి గట్టుకూ ఒక అక్షరం ఇచ్చి, ఏది ఏదాన్ని కోసుకుంటూ పోయిందో రాయండి. దిగువనున్న గట్టు చెక్కుచెదరకుండా ఉంటే అది సాధారణంగా పాతది. మంచు మళ్లీ అంత దూరం వచ్చి ఉంటే దాన్ని తుడిచిపెట్టి ఉండేది. ఈ తుడిచివేత వల్లే పాత చరిత్రలో చాలా పుటలు శాశ్వతంగా పోయాయి. మిగిలినవి అతి పెద్ద విస్తరణల గట్లే అని గుర్తుంచుకోండి.

మూడో మెట్టు: కాలానికి తగిన పద్ధతి

కొన్ని వందల ఏళ్ల లోపైతే లైకెన్ల పరిమాణం ఉపయోగపడుతుంది. రాయి మీద మెల్లగా, వలయంలా పెరిగే లైకెన్ ఎంత వెడల్పైతే రాయి అంత కాలంగా కదలకుండా ఉన్నట్టు. ఆస్ట్రియా శాస్త్రవేత్త రోలాండ్ బెషెల్ 1950లలో దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. మన వంటింట్లో మసాలాకు వాడే రాతిపువ్వు కూడా లైకెనే కానీ కాలం కొలవడానికి పనికొచ్చేది రాయిని అంటిపెట్టుకుని పసుపుపచ్చగా పెరిగే రైజోకార్పన్. పెరుగుదల వేగం చోటును బట్టి మారుతుంది కాబట్టి అదే ప్రాంతంలో వయసు తెలిసిన వంతెన, గోడ, సమాధి రాయి వంటి వాటి మీద ముందుగా కొలిచి తీరాలి.

కార్బన్-14 సగం ఆయువు (ఉన్నదానిలో సగం క్షయించే కాలం) 5,730 ఏళ్లు, కాబట్టి సుమారు 50 వేల ఏళ్ల దాకా పనిచేస్తుంది. చిక్కు ఏమిటంటే ఇది ఒకప్పుడు ప్రాణమున్న వాటికే పనికొస్తుంది, మొరైన్లలో కర్ర, పీటు (చిత్తడి నేలలో కుళ్లీ కుళ్లని మొక్కల పొర) వంటివి అరుదు. గట్టు కింద దొరికిన కొమ్మ 'మంచు దీని తర్వాత వచ్చింది' అని చెబుతుంది. గట్టు వెనుక ఏర్పడిన చెరువు అడుగు బురద 'మంచు దీనికి ముందే వెళ్లిపోయింది' అని చెబుతుంది. రెండూ హద్దులే. నేరుగా ఆ సంఘటన తేదీ వాటిలో ఉండదు. కార్బన్ ఏళ్లను క్యాలెండర్ ఏళ్లుగా మార్చకుండా ఎక్కడా రాయకండి. ఈ లెక్కల్లో 'ఇప్పుడు' అంటే 1950 అని కూడా మరవకండి.

ఇసుక రేణువు చివరిసారి వెలుతురు చూసి ఎంతకాలమైందో చెప్పేది లూమినిసెన్స్ పద్ధతి. భావనపాడు తీరపు ఇసుక దిబ్బల వంటి వాటికి ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే గాలికి ఎగిరే ఇసుక ఎండను బాగా చూస్తుంది. మంచు అడుగున ఈడ్చుకొచ్చిన మట్టి చూడదు. అందుకే మొరైన్ మట్టి అసలు వయసుకంటే పాతదిగా తేలే ప్రమాదం ఉంది. మొరైన్‌ను వదిలి, మంచు ముక్కు నుంచి పారిన వాగు పరిచిన ఇసుక పొరను ఎంచుకోవడం మేలు.

మొరైన్ పైనున్న బండరాయికే నేరుగా తేదీ కట్టగలిగేది విశ్వకిరణాల పద్ధతి. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు రాయిలోని ఆక్సిజన్ పరమాణువులను ఢీకొని బెరీలియం-10ని పుట్టిస్తాయి. దాని సగం ఆయువు 13 లక్షల 87 వేల ఏళ్లు. మంచు రాయిని దించిన క్షణం నుంచి అది పోగుపడటం మొదలవుతుంది. ఎంత ఎత్తులో, ఏ అక్షాంశంలో ఎంత వేగంగా పుడుతుందో గణించే సూత్రాలను 1991లో అందించినవారు అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయానికి సారథ్యం వహించిన దేవేంద్ర లాల్. ప్రపంచమంతటి హిమానీ పరిశోధకులు ఇప్పటికీ ఆయన పేరుతో ఉన్న లెక్కను వాడుతున్నారు. ఇది మన పిల్లలకు పాఠంలో చెప్పవలసిన విషయం.

నాలుగో మెట్టు: రాయిని ఎంచుకోవడం

ఈ శాస్త్రమంతా ఈ మెట్టు మీదే నిలబడుతుంది. మీరు తీసిన రాయి తప్పైతే ల్యాబులో ఎవరూ దాన్ని దిద్దలేరు.

గట్టు శిఖరం మీద, కనీసం మీటరు ఎత్తున్న బండను వెతకండి. చిన్న రాయి మట్టిలో కూరుకుపోయి ఉండి, పైమట్టి కొట్టుకుపోయాక ఈ మధ్యే బయటపడి ఉండవచ్చు. పెద్దదైతే ఆ అనుమానం తక్కువ, పైగా మంచు దాన్ని కప్పి ఉంచే రోజులు కూడా తక్కువ. బండ గట్టులో లోతుగా నాటుకుని ఉండాలి. నెట్టితే కదిలేది వద్దు. గట్టు వాలులో ఉన్నదీ వద్దు, అది దొర్లి ఉండవచ్చు. పైనున్న కొండ గోడకు దగ్గరగా ఉన్నదీ వద్దు, ఆ గోడ నుంచి నిన్న మొన్న పడి ఉండవచ్చు.

బండలో పలుగురాయి, అంటే క్వార్ట్జ్ ఉండాలి. బెరీలియం-10ని సాధారణంగా క్వార్ట్జ్ నుంచే తీస్తారు కాబట్టి గ్రానైటు, గ్రానైటు నైస్ మంచివి. ఇక పై పొర. మంచు నున్నగా గీరిన ముఖం ఇంకా మిగిలి ఉంటే అంతకంటే భాగ్యం లేదు. పెచ్చులూడిన చోట అప్పటిదాకా పోగుపడిన బెరీలియంలో కొంత పెచ్చుతోపాటే పోయి ఉంటుంది, దానివల్ల వయసు తక్కువగా తేలుతుంది.

ఈ చూపును అలవరచుకోవడానికి శ్రీకాకుళం జిల్లా చాలా మంచి చోటు. టెక్కలి వైపు గ్రానైటు క్వారీలో అనుమతి తీసుకుని, అప్పుడే కోసిన ముఖాన్నీ పక్కనే తరతరాలుగా ఎండావానలు తిన్న సహజమైన ముఖాన్నీ చేత్తో తడిమి చూడండి. రంగు ఎంత లోతు వరకు మారింది? గింజలు గోటికి రాలుతున్నాయా? ఇంజనీరింగ్ కళాశాలల సివిల్ విభాగంలో కాంక్రీటు గట్టిదనం పరీక్షించే రీబౌండ్ హ్యామర్ ఉంటుంది. హిమాలయ పరిశోధకులు మొరైన్ రాళ్ల సాపేక్ష వయసు తెలుసుకోవడానికి వాడేదీ అదే రకం పనిముట్టు. తాజా రాయి మీద అంకె ఎక్కువ వస్తుంది, శిథిలమైన దాని మీద తక్కువ వస్తుంది. రెండు ముఖాల మీదా చాలాసార్లు కొట్టి, సగటులు పక్కపక్కన రాసుకోండి. శాలిహుండం, రామతీర్థం, ముఖలింగం వంటి రక్షిత స్థలాల్లో మాత్రం ఒక్క రాయిని కూడా తాకకండి.

అంతే ముఖ్యమైనది దిగంతపు కోణం. చుట్టూ కొండలు ఎత్తుగా ఉంటే కిరణాల్లో కొన్ని అడ్డుపడతాయి. మందస వైపు మహేంద్రగిరి పాదాల దగ్గర నిలబడి, దిక్సూచి, వాలు కోణం కొలిచే క్లైనోమీటర్‌లతో ప్రతి 15 లేదా 30 డిగ్రీలకు ఒకసారి ఆకాశపు అంచు ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో రాయండి. చుట్టూ 20 డిగ్రీల అడ్డు ఉంటే కిరణాలు సుమారు 3 శాతమే తగ్గుతాయి, 30 డిగ్రీలుంటే 10 శాతం తగ్గుతాయి. పుస్తకంలో చదివితే ఈ తేడా మనసుకెక్కదు. కొండ పాదం దగ్గరా పొలం మధ్యా రెండు చోట్లా కొలిచి లెక్క వేస్తే ఎక్కుతుంది.

అసలు నమూనా తీసేటప్పుడు బండ పైభాగం నడిమి నుంచి, అంచులు వదిలి, సుత్తి, ఉలితో పై 2 నుంచి 5 సెంటీమీటర్ల మందమే తీయండి. అర కిలో నుంచి కిలో చాలు. లోతుకు పోయేకొద్దీ ఉత్పత్తి పడిపోతుంది, సుమారు 60 సెంటీమీటర్ల లోతులో పైనున్న దానిలో 37 శాతమే ఉంటుంది. మందం 5 సెంటీమీటర్లైతే దాదాపు 4 శాతం సవరణ అవసరం, కాబట్టి దాన్ని కొలిచి రాయాలి. ఒక గట్టుకు కనీసం ఐదు బండలు తీసుకోండి. ఒకటీ రెండూ తీసుకోవడం కంటే ఆ గట్టును మరొకరికి వదిలేయడం నయం. ప్రతి బండకూ జీపీఎస్ స్థానం, ఎత్తు, పై ముఖం వాలు, నాలుగు వైపుల ఫొటోలు, చేతిగీత చిత్రం ఉండాలి.

తీరంలో పుట్టి పెరిగినవారు ఒకేసారి 4,000 మీటర్లకు ఎక్కకూడదు. 3,000 మీటర్ల దగ్గర రెండు మూడు రాత్రులు ఆగి ఒంటిని అలవాటు పడనివ్వండి. తలనొప్పి, వాంతులు తగ్గకపోతే పని వదిలి కిందికి దిగండి. జాతీయ ఉద్యానాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా రాయి తీయడం నేరం. అక్కడివారు పూజించే బండ ఎంత గొప్ప నమూనా అయినా దాని జోలికి పోవద్దు.

ఐదో మెట్టు: ల్యాబు

ఇది మీరు ఒంటరిగా చేసే పని కాదు, అందుకే క్లుప్తంగా చెబుతాను. రాయిని నలిపి, జల్లించి, అయస్కాంతంతో ఇతర ఖనిజాలు వేరుచేసి, పలుచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో పదేపదే కడిగితే శుద్ధమైన క్వార్ట్జ్ మిగులుతుంది. దానిలో తెలిసిన పరిమాణంలో మామూలు బెరీలియం-9 కలిపి, కరిగించి, బెరీలియంను వేరుచేసి ఆక్సైడ్‌గా మారుస్తారు. చివరికి పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 10కీ 9కీ నిష్పత్తి కొలుస్తారు. మన దేశంలో ఢిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రంలో, అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయంలో ఆ యంత్రాలున్నాయి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం ద్వారా లోపలికి వెళ్లి ప్రాణం తీయగలదు. శిక్షణ, రక్షణ దుస్తులు, చేతికి అందేంత దూరంలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా కళాశాల ల్యాబులో ఎవరూ దీన్ని ప్రయత్నించకూడదు.

ఆరో మెట్టు: లెక్క

సముద్రమట్టంలో, ధ్రువాలకు దగ్గరగా, ఒక గ్రాము క్వార్ట్జ్‌లో ఏడాదికి సుమారు 4 బెరీలియం-10 పరమాణువులు పుడతాయి. శ్రీకాకుళం అక్షాంశంలో భూమి అయస్కాంత క్షేత్రం ఎక్కువ అడ్డుకుంటుంది కాబట్టి మూడు కూడా ఉండవు. హిమాలయాల్లో 4,000 మీటర్ల ఎత్తున గాలి పొర పలచబడటంతో అది మొదట చెప్పిన 4కు దాదాపు పది రెట్లు అవుతుంది. ఏడాదికి 40 అనుకుందాం. ల్యాబు గ్రాముకు 5 లక్షల పరమాణువులు అని చెబితే, 5,00,000ను 40తో భాగించగా 12,500 ఏళ్లు. ఈ కాలంలో క్షయం వల్ల పోయేది వెయ్యికి మూడు పాళ్లే.

ఇప్పుడు సవరణలు. రాయి వెయ్యేళ్లకు ఒక మిల్లీమీటరు అరిగిందనుకుంటే 12,500 ఏళ్ల రాయి వయసు 1 శాతమే తక్కువగా కనిపిస్తుంది. అదే 60 వేల ఏళ్ల రాయిలో 5 శాతం తేడా వస్తుంది. పాత గట్టుకు అరుగుదల ఎంత పెద్ద శత్రువో చూడండి. ఏడాదిలో ఆరు నెలలు, అర మీటరు మందాన, సాంద్రత 0.3 ఉన్న మంచు బండను కప్పి ఉంటే ఉత్పత్తి దాదాపు 4.5 శాతం తగ్గుతుంది. ఇవన్నీ కలిపి లెక్కగట్టే క్రోనస్-ఎర్త్ గణకం ఇంటర్నెట్‌లో ఉచితం. పర్వత హిమానీనదాల మీద ప్రచురితమైన కొలతలను పోగుచేసిన ఐస్-డి ఆల్పైన్ సమాచార నిధి కూడా అందరికీ తెరిచే ఉంది. యంత్రం అందుబాటులో లేని విద్యార్థి ఆ పాత కొలతలను తీసుకుని, గణకంలో మళ్లీ నడిపి, కొత్త ప్రశ్న వేయవచ్చు. అది తక్కువ స్థాయి పరిశోధన కానేకాదు.

ఏడో మెట్టు: తేదీల గుంపును చదవడం

ఒక ఊహాజనిత గట్టు మీద ఐదు బండల వయసులు 13,600, 13,900, 14,100, 14,400, 22,800 వచ్చాయనుకోండి. నాలుగు ఒక్కచోట కూడాయి, సగటు 14,000. ఐదోది మంచుకు ముందే ఏ కొండగోడ మీదో కిరణాలు తిని, ఆ పాత నిల్వతోనే దిగి ఉంటుంది. దాన్ని పక్కన పెట్టవచ్చు, కానీ పట్టికలోంచి తీసేయకూడదు.

మరో గట్టు మీద 13,900, 11,200, 9,500, 8,100, 6,800 వచ్చాయి. ఇక్కడ సగటు తీస్తే పెద్ద పొరపాటు. గట్టు మెల్లగా కుంగుతూ ఒక్కో బండనూ ఒక్కో కాలంలో బయటపెట్టింది. పాత నిల్వ లేదని నమ్మకం ఉంటే అన్నిటికంటే పాతదే అసలు తేదీకి దగ్గర. ఒకే ఐదు అంకెలకు రెండు రకాల చదువు ఉంటుంది, ఏది సరైనదో తేల్చేది మీ క్షేత్ర పుస్తకమే. ఇంకొక విషయం: శిఖరం మీది బండల వయసు, హిమానీనదం ఆ గట్టును వదిలి వెనుదిరిగిన వేళకు దగ్గరగా ఉంటుంది. అది ముందుకు కదలడం మొదలుపెట్టింది అంతకుముందే.

ఎనిమిదో మెట్టు: తేదీ నుంచి వాతావరణానికి

ప్రతి హిమానీనదం మీదా ఏడాదిలో పడిన మంచు, కరిగిన మంచు సమానమయ్యే ఒక ఎత్తు ఉంటుంది. దాన్ని సమతౌల్య రేఖ అంటారు. పటంలో గీసిన పాత గట్టు ఆధారంగా ఒకప్పటి హిమానీనదం ఆకారాన్ని నిలబెట్టి, ఆ రేఖ అప్పుడు ఎక్కడుండేదో అంచనా కట్టవచ్చు. ఇప్పటికంటే 400 మీటర్లు దిగువన ఉండేదని తేలితే, కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున 2.6 డిగ్రీల చల్లదనం అని వస్తుంది.

అయితే ఆ అంకె వెనుక 'హిమపాతం మారలేదు' అన్న ఊహ దాగి ఉంది. హిమాలయాల్లో ఆ ఊహ చాలాచోట్ల నిలవదు. మధ్య, తూర్పు హిమాలయాల హిమానీనదాలకు మంచును అందించేది ప్రధానంగా వేసవి రుతుపవనాలే, పడమటి వైపు శీతాకాలపు గాలులే. రుతుపవనాలు బలపడితే చలి పెద్దగా పెరగకపోయినా హిమానీనదం ముందుకు రావచ్చు. ఎముకలు కొరికే చలి ఉన్నా తేమ అందకపోతే ఎదగకపోవచ్చు. అందుకే ప్రపంచ మంచు పతాక స్థాయిలో ఉన్న కాలంలో కాకుండా, అంతకుముందే కొన్ని హిమాలయ లోయల్లో అతి పెద్ద విస్తరణ జరిగింది. లడఖ్‌లో అన్నిటికంటే పాత గట్లు 4 లక్షల 30 వేల ఏళ్లకు పైబడినవని తేలింది. 'మంచు పెరిగింది కాబట్టి చలి పెరిగింది' అని రాసేముందు ఆగి, అదే కాలానికి రుతుపవనాల బలం గురించి గుహల స్టాలగ్మైట్లు (కారే నీటితో నేల మీద పేరుకున్న సున్నపు స్తంభాలు), సరస్సుల బురద, బంగాళాఖాతపు అడుగు మట్టి ఏం చెబుతున్నాయో పక్కన పెట్టి చూడండి.

ఇప్పటి కరుగుదలను కూడా ఇదే కొలబద్ద మీద పెట్టాలి. మంచు యుగపు పతాక స్థాయిలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు సుమారు 190 పాళ్లు. పరిశ్రమల కాలానికి ముందు 280. ఇప్పుడు 420 దాటింది. పాత గూఢచర్య ఉపగ్రహ చిత్రాలతో 2019లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, 2000 తర్వాత హిమాలయ హిమానీనదాలు మంచును కోల్పోయే వేగం అంతకుముందు పాతికేళ్ల వేగానికి దాదాపు రెట్టింపైంది. గత వేల ఏళ్లలో మంచు సహజంగానే వచ్చింది, పోయింది అని మొరైన్లు చెబుతున్నాయి, నిజమే. ఏ కారణం వల్ల, ఎంత వేగంతో పోయిందో కూడా అవే చెబుతాయి. ఇప్పటిది వాటితో పోల్చి చూడగలుగుతున్నామంటే ఈ తేదీల వల్లే.

తొమ్మిదో మెట్టు: రాసి పెట్టడం

వయసులు మాత్రమే ప్రచురించి ఊరుకోకండి. ఉత్పత్తి వేగం విలువను పరిశోధకులు గత రెండు దశాబ్దాల్లో కిందికి సవరించారు. దానివల్ల పాత పత్రాల్లోని ఎన్నో తేదీలను మళ్లీ లెక్కించవలసి వచ్చింది. మూల కొలతలు ఇవ్వని పత్రాలను ఎవరూ దిద్దలేకపోయారు. కాబట్టి ప్రతి నమూనాకూ అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, మందం, సాంద్రత, దిగంత సవరణ, క్వార్ట్జ్ బరువు, కలిపిన బెరీలియం-9 పరిమాణం, యంత్రం ఇచ్చిన నిష్పత్తి, ఖాళీ నమూనా (రాయి లేకుండా అదే ప్రక్రియ నడిపినది) విలువ, ఏ ప్రమాణంతో పోల్చారో, ఏ సంవత్సరంలో తీశారో పట్టికలో పెట్టండి. పక్కన పెట్టిన బండల వివరాలు, పక్కన పెట్టిన కారణం కూడా అదే పట్టికలో ఉండాలి.